ఒకే పొయ్యి, ఇద్దరు మగవాళ్ళు

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" పరిశోధన కోసం ఊళ్ళు తిరిగే రోజుల్లో నా ప్రశ్నల పట్టికలో ఇదొకటి ఉండేది. అడిగినప్పుడల్లా ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "అదేం ప్రశ్నమ్మా, మొగోళ్ళు వండుతారా ఎక్కడన్నా?" అని ఒకావిడ నన్నే ఎదురడిగింది. ఇంట్లో స్త్రీ ఉన్నంతవరకూ అది జవాబు తెలిసిన ప్రశ్నే. మరి స్త్రీ లేని ఇంట్లో? ఇద్దరు యువకులు ప్రేమించుకుని కాపురం పెట్టిన ఇంట్లో?

నల్లజాతి అమెరికన్ రచయిత బ్రయాన్ వాషింగ్టన్ 2020లో ప్రచురించిన 'మెమోరియల్' నవల చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. హ్యూస్టన్ నగరంలో బెన్సన్, మైక్ నాలుగేళ్ళుగా కలిసి ఉంటున్నారు. బెన్సన్ నల్లజాతి యువకుడు, పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉద్యోగం. మైక్ జపనీయుల బిడ్డ, హోటల్లో వంటవాడు. ఇంట్లో వండేదీ అతనే. ఇద్దరి మధ్యా మాటలు తగ్గి, కలిసి ఉండాలా వద్దా అనుకుంటున్న సమయంలో జపాన్ నుంచి మైక్ తల్లి మిత్సుకో వస్తుంది. ఆమె వచ్చీ రాగానే మైక్, ఒసాకాలో చావుబతుకుల్లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్ళిపోతాడు. ముక్కూ మొహం తెలియని 'అత్తగారు', వంట రాని బెన్సన్ ఒకే కప్పు కింద మిగులుతారు. వాళ్ళిద్దరినీ దగ్గర చేసేది వంటగదే. ఆమె పక్కన నిలబడి బెన్సన్ వంట నేర్చుకుంటాడు. అక్కడ మైక్, ఒకప్పుడు తల్లినీ తననూ వదిలిపోయిన తండ్రికి సేవ చేస్తూ, ఆయన నడిపే చిన్న బార్‌లో పని చేస్తుంటాడు.

విమల 'వంటిల్లు' కవిత చదువుకుంటూ పెరిగిన వాళ్ళం మనం. అందుకేనేమో, మగవాడు గరిటె పట్టుకుంటే చాలు మురిసిపోతాం. కానీ మగవాళ్ళు వండడం కొత్త విషయం కాదు. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గరా, హోటళ్ళలోనూ వండేది ఎక్కువగా వాళ్ళే. కూలీ, పేరు దక్కే వంట మగవాడిది. మెచ్చుకోలూ సెలవూ లేని రోజువారీ వంట మనది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు అందులో గడుపుతుంటే పురుషులు గడిపేది 88 నిమిషాలు. అదీ ఎంతో కొంత చేసే పురుషుల లెక్క. పుల్ల తీసి అవతల పెట్టని వాళ్ళు ఈ సగటులోకే రారు.

ఈ నవలలో నాకు నచ్చిందేమిటంటే బెన్సన్ నేర్చుకునేది ఆ రోజువారీ వంట. ఎవరి మెప్పు కోసమూ కాదు. పక్కనున్న మనిషి ఆకలిని తన బాధ్యతగా తీసుకోవడం అలవాటు చేసుకుంటాడు. అలాగని ఇద్దరూ మగవాళ్ళే కాబట్టి చాకిరీ దానంతటదే సమంగా పంచుకోబడిందని రచయిత నమ్మించడు. వాళ్ళ మధ్యా అలకలున్నాయి, కీచులాటలున్నాయి. ప్రేమ ఒక్కటే పని పంచిపెట్టదు. కాకపోతే అక్కడ "నువ్వు ఆడదానివి కాబట్టి" అన్న మాటకు తావు లేదు. ఎవరు ఏం చెయ్యాలో మాట్లాడుకుని తేల్చుకోవలసిందే.

"చివరికి నేర్పింది మళ్ళీ ఒక తల్లే కదా!" అని ఒక మిత్రురాలు నాతో వాదించింది. నిజమే, ఆ అసంతృప్తి నాకూ ఉంది. కానీ కొడుకు వంటింట్లోకి వస్తే "నీకెందుకురా" అని పంపేసే తల్లులు మనలో ఎంతమంది లేరు? మిత్సుకో పంపెయ్యలేదు, పక్కన నిలబెట్టుకుంది.

ఇదంతా పరాయి దేశపు కథ, మనకెందుకు అనవచ్చు. మన జనాభా లెక్కల్లో కుటుంబమంటే, ఒకచోట నివసిస్తూ ఒకే వంటగదిలో వండింది తినేవాళ్ళు. ఆ లెక్కన బెన్సన్, మైక్ నిస్సందేహంగా ఒక కుటుంబం. అలా బతుకుతున్న వాళ్ళు మన మధ్యా ఉన్నారు. స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు చెప్పింది. 2023 అక్టోబర్ 17న మాత్రం వాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. ఇలా కలిసి ఉండే భాగస్వాములను రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా పరిగణించాలని 2024లో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. పెళ్ళిగా గుర్తించని సంబంధాన్ని పొయ్యి దగ్గర గుర్తించక తప్పలేదన్నమాట.

అయితే లేఖ ఒక్కటే కార్డు తెచ్చిపెట్టదు. ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో దరఖాస్తు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కితే ఎదురయ్యే వెకిలి నవ్వులు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఒంటరి స్త్రీల కార్డుల కోసం తిరిగినప్పుడు మనం పడ్డవే అవి. అప్పుడు వాళ్ళ పక్కన మన కార్యకర్త ఒకరు నిలబడాలని నా కోరిక. వంట స్త్రీ స్వభావం కాదని ఇన్నేళ్ళుగా వాదిస్తున్న మనం, స్త్రీ లేని ఇల్లు కూడా ఇల్లేనని ఒప్పుకోకపోతే ఆ వాదన సగంలోనే ఆగిపోతుంది.