ఆటవిడుపు: బుట్టలో పడే పళ్ళాలు

పోయిన ఉగాది సంచికలో ఇదే శీర్షిక కింద కేరమ్స్ గురించి రాస్తే, "కూర్చుని ఆడేవి చాలండీ, మా ఇంట్లో మగవాళ్ళనీ పిల్లల్నీ సోఫా మీంచి లేపే ఆట ఏదైనా చెప్పండి" అని ముగ్గురు నలుగురు ఇల్లాళ్ళు నన్ను పట్టుకున్నారు. వారి కోరిక మీద ఈసారి డిస్క్ గోల్ఫ్.

మన మిషిగన్ పార్కుల్లో చెట్ల మధ్య ఇనపకమ్మికి గొలుసులు వేలాడుతూ, కింద ఒక బుట్ట ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. పిక్నిక్కులో మన పిల్లలు ఆ గొలుసులు గలగలలాడిస్తుంటే "చెత్తబుట్టతో ఆటలేమిట్రా" అని ఒక పెద్దాయన కసురుకోవడం నా చెవులారా విన్నాను. అది చెత్తబుట్ట కాదు. గోల్ఫులో గుంట ఎలాగో ఇక్కడ బుట్ట అలాగ. బంతికి బదులు ప్లాస్టిక్ పళ్ళెం. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలుస్తాడు. గోల్ఫ్ క్లబ్బు చందా కట్టక్కర్లేదు, ఖరీదైన కర్రలు కొనక్కర్లేదు. ఆన్ ఆర్బర్ దగ్గర హడ్సన్ మిల్స్ పార్కులో రెండు కోర్సులున్నాయి. కారుకు పార్కు ప్రవేశ రుసుము కడితే కుటుంబమంతా లోపల రోజంతా తిరగవచ్చు.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఫ్రిస్బీని వామ్-ఓ కంపెనీ 1957లో బజారులోకి తెచ్చింది. ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలో ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేయించి, తరువాత ఆ గొలుసుల బుట్టను కనిపెట్టాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే అస్థికల బూడిద కలిపి డిస్కులు పోతపోశారు. మనవాళ్ళు గోదావరిలో కలుపుతారు, ఆయన గాలిలో కలిశాడు.

ఇక అసలు సంగతి. సముద్రపు ఒడ్డున పిల్లలు విసురుకునే ఫ్రిస్బీ వేరు, ఈ డిస్కు వేరు. 1983లో డేవ్ డునిపేస్ అనే ఆయన అంచును గుండ్రంగా కాక ఏటవాలుగా, పదునుగా చేశాడు. దానితో గాలిని చీల్చుకుపోయే గుణం వచ్చింది. నేటి డ్రైవర్ డిస్కు 21 సెంటీమీటర్ల అడ్డుకొలత, మహా అయితే 175 గ్రాముల బరువు, అంచు మాత్రం రాయిలా గట్టి. అది తగిలితే నుదురు పగులుతుంది. ఎదురుగా మనుషులుంటే విసరకండి.

డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి. స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్ అని వాటి పేర్లు. మొదటిది ఎంత వేగంగా విసిరితే అది తన పని తాను చేస్తుందో చెబుతుంది. రెండోది ఎంతసేపు తేలుతుందో. మూడోది వేగంగా పోయేటప్పుడు కుడికి ఎంత మళ్ళుతుందో, నాలుగోది వేగం తగ్గాక ఎడమకు ఎంత వాలుతుందో. ఇదంతా కుడిచేత్తో, చెయ్యి ఛాతీకి అడ్డంగా లాగి విసిరేవారి లెక్క. ఎడమచేతి వాటం వాళ్ళు అద్దంలో చూసుకుని చదువుకోండి.

ఎడమకే ఎందుకు వాలాలి? దీనికి జవాబు మన చిన్నప్పటి బొంగరంలో ఉంది. తిరిగే బొంగరాన్ని వేలితో ముందుకు నెడితే అది ముందుకు పడదు, పక్కకు ఒరుగుతుంది. తిరిగే వస్తువు తత్వమే అంత: ఎటు తోస్తే అటు కాక దానికి అడ్డంగా వంగుతుంది. డిస్కు వేగంగా పోయేటప్పుడు గాలి దాని ముందంచును కిందకు వంచాలని చూస్తుంది. అది కుడికి ఒరుగుతుంది. వేగం తగ్గేసరికి గాలి ముందంచును పైకి లేపాలని చూస్తుంది. అది ఎడమకు ఒరుగుతుంది. కుడికి సులువుగా ఒరిగేదాన్ని అండర్ స్టేబుల్ అంటారు, ఎంత విసిరినా ఎడమకే మొగ్గేదాన్ని ఓవర్ స్టేబుల్ అంటారు. ఈ రెండు మాటలూ అర్థమైతే కొట్టులో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

మోసం అన్నది పెద్దమాటే, కానీ మా స్నేహితుడొకాయనకు జరిగింది చెబుతాను. వయసు 48. ఒక్కడే కొడుకు, హైస్కూలు ఆఖరి సంవత్సరం. తండ్రీ కొడుకుల మధ్య మాటలు కారు తాళాలు ఎక్కడ, భోజనానికి వస్తావా అనేంతవరకు వచ్చాయి. కుర్రవాడు స్నేహితులతో డిస్క్ గోల్ఫుకు వెళ్తున్నాడని తెలిసి ఈయన కూడా ఉత్సాహంగా ఒక క్రీడాసామాగ్రి కొట్టుకు వెళ్ళాడు. ఆ కొట్టువాడు 12, 13 స్పీడు డిస్కులు, అవీ ఖరీదైన ప్లాస్టిక్‌వి, అరడజను అంటగట్టాడు. పెద్ద ఆటగాళ్ళు వాడేవి ఇవే అన్నాడట. నిజమే, పెద్ద ఆటగాళ్ళు వాడతారు. కానీ డిస్ట్రాయర్ వంటి 12 స్పీడు డిస్కుకు తగిన వేగం ఇవ్వాలంటే 350 అడుగులు విసరగల చెయ్యి కావాలి. మనలాంటి వారి చెయ్యి మొదట్లో 150 అడుగులు. ఆ వేగానికి దాని టర్న్ మేలుకోనే మేలుకోదు, నేరుగా ఫేడ్‌లోకి దిగి ఎడమ పొదల్లో పడుతుంది. ఆయన ప్రతి విసురూ అలాగే పడింది. ఇంకా బలంగా విసిరాడు, ఇంకా ఎడమకు పడింది. మూడో వారానికి మోచెయ్యి వాచింది. డాక్టరు ఆరు వారాలు విశ్రాంతి అన్నాడు. డిస్కులు గరాజులోకి, ఆయన సోఫాలోకి.

నేను ఆయనకు ఇచ్చింది నా దగ్గరున్న పాత లెపర్డ్. అంకెలు 6, 5, మైనస్ 2, 1. చవకరకం డీఎక్స్ ప్లాస్టిక్, ఆరేళ్ళుగా చెట్లకు తగిలి తగిలి అంచంతా నొక్కులు. ఇక్కడే ప్లాస్టిక్ కథ మొదలవుతుంది కనుక కాస్త ఆగి చెబుతాను.

ఒకే అచ్చులో పోసిన డిస్కు రకరకాల ప్లాస్టిక్కుల్లో దొరుకుతుంది. ఇన్నోవా కంపెనీ వారికి డీఎక్స్, స్టార్, ఛాంపియన్, జీ-స్టార్ అని; మన మిషిగన్ కంపెనీ డిస్క్రాఫ్ట్ వారికి ప్రో-డీ, ఈఎస్‌పీ, జడ్ అని. డీఎక్స్, ప్రో-డీ చవకరకాలు, ధర మిగతావాటిలో దాదాపు సగం. చేతికి చక్కగా పట్టు దొరుకుతుంది. కానీ చెట్టుకు తగిలితే నొక్కు పడుతుంది, గట్టి చలిలో పగలనూ వచ్చు. ఛాంపియన్, జడ్ రకాలు పాలియురెథేన్ జాతివి. చాలావరకు కంచుమెట్టె రంగురాయిలా వెలుతురు పారేలా ఉంటాయి, బండరాయికి తగిలినా చెక్కుచెదరవు. తడిచేతిలో మాత్రం జారతాయి. స్టార్, ఈఎస్‌పీ మధ్యరకం: మన్నిక దాదాపు అంతే, పట్టు మెరుగు. జీ-స్టార్ ఇంకా మెత్తన, చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు హాయి. ఒకే అచ్చయినా ఛాంపియన్ ప్లాస్టిక్‌లో పోస్తే డీఎక్స్‌లో కంటే సాధారణంగా ఎక్కువ ఓవర్ స్టేబుల్‌గా ఎగురుతుంది. కనుక అంకెలు చూసి ఊరుకోకూడదు, ప్లాస్టిక్ కూడా చూడాలి.

ఖరీదైనదే మంచిదని మనవాళ్ళకు ఒక నమ్మకం. ఈ ఆటలో అది సగమే నిజం. చవకరకం అరిగేకొద్దీ అండర్ స్టేబుల్ అవుతుంది. అరగడం ఇక్కడ లోపం కాదు, దోసెల పెనం వాడేకొద్దీ ఒదుగుతుందే, అలాంటిది. కొత్త పెనం మీద దోసె అంటుకున్నట్టే కొత్త డిస్కు కూడా మన మాట వినదు. ఆరితేరిన ఆటగాళ్ళు రాక్ అనే డిస్కులు ఒకే రకం నాలుగు దగ్గరుంచుకునేవారు. కొత్తది ఎడమకు, కాస్త వాడింది తిన్నగా, బాగా అరిగింది కుడికి. దుకాణంలో కొనలేని డిస్కు అది. నేనైతే కొత్తవారికి చవకరకమే చెబుతాను. నీళ్ళలో పడితే ఏడుపూ తక్కువే. ఒక్క పటర్ విషయంలో కూడా చవకరకమే మేలు, కారణం వేరు: బుట్ట దగ్గర పట్టు ముఖ్యం, మన్నిక కాదు.

సరే, మా స్నేహితుడు. మోచెయ్యి తగ్గాక ఆ పాత లెపర్డ్ తీసుకుని, కొడుకు వెంట వెళ్ళాడు. సగం బలంతో విసరమన్నాను. అది కాస్త కుడికి ఒరిగి, తేలి, తిరిగి తిన్నగా వచ్చి 180 అడుగుల దగ్గర గడ్డి మీద వాలింది. కుర్రవాడు "నాన్నా, మళ్ళీ" అన్నాడట. ఇప్పుడు ప్రతి శనివారం ఉదయం ఇద్దరూ వెళ్తున్నారు. రెండు గంటల నడక, పద్ధెనిమిది బుట్టలు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే "పెద్దగా ఏమీ లేదు, నా చెయ్యి వంకరని వాడు తిడుతుంటాడు" అన్నాడు. కుర్రవాడికి ఈ ఆగస్టులో కాలేజీ, వేరే రాష్ట్రం. ఆయన చేతిలో ఉన్నవి ఇరవై శనివారాలు. ఒక్కటి కూడా వాన పడకూడదని ఆయన, ఆకాశం ఆయన మాట వినదని నేను.

విసిరే పద్ధతి విషయంలో ఒక్కటే చెబుతాను, అన్నీ రాస్తే పుస్తకం అవుతుంది. బలం భుజంలో లేదు. కుడిభుజం బుట్టవైపు పెట్టి పక్కగా నిలబడండి. డిస్కును వెనక్కి చాచి, ఛాతీకి దగ్గరగా తిన్నటి గీత మీద లాగండి. గుండ్రంగా తిప్పితే గురి పోతుంది. ముందుకాలు నేల మీద ఆనాకే చెయ్యి కదలాలి. తుంటి తిరిగితే చెయ్యి దానంతటదే వస్తుంది. ఇక అందరూ మరిచేది ముందంచు. అది ఆకాశం చూస్తే డిస్కు పైకి లేచి, ఆగి, ఎడమకు కూలుతుంది. టీ కెటిల్ వంచినట్టు మణికట్టును కాస్త కిందకు వంచి ఉంచండి. ఆయన డిస్కులు పడిపోవడంలో సగం పాపం దీనిదే. డిస్కు ఎడమవైపు అంచును కిందకు వంచి విసరడం హైజర్, పైకి ఎత్తి విసరడం యాన్‌హైజర్. అండర్ స్టేబుల్ డిస్కును కొద్దిపాటి హైజర్‌తో వదిలితే గాల్లో తనే సమమై తిన్నగా పోతుంది. చూడ్డానికి అంతకంటె అందమైన విసురు లేదు.

క్రికెట్ ఆడి పెరిగినవారికి రెండో పద్ధతి, ఫోర్‌హ్యాండ్, సులువుగా వస్తుంది. రెండు వేళ్ళు అంచు లోపల, అరచెయ్యి పైకి, చెరువు మీద పెంకు గెంతించినట్టు మణికట్టుతో విదిలించడమే. ఇక్కడ తిరుగుడు వ్యతిరేకం కనుక డిస్కు కుడికి వాలుతుంది. మనవాళ్ళు బౌండరీ నుంచి వికెట్లకు వేసినంత జోరుగా వేసి మణికట్టు తిప్పేస్తారు, అది అల్లాడిపోతుంది. దీనికి ఫైర్‌బర్డ్ వంటి ఓవర్ స్టేబుల్ డిస్కే తట్టుకుంటుంది. రోజుకు పది విసుర్లు మించకండి, మోచెయ్యికి ఇదే శత్రువు.

గాలి సంగతి: ఎదురుగాలిలో ప్రతి డిస్కూ మరింత అండర్ స్టేబుల్‌గా, వెనకగాలిలో మరింత ఓవర్ స్టేబుల్‌గా ప్రవర్తిస్తుంది. ఎదురుగాలి చూసి భయపడి గట్టిగా విసిరితే నా లెపర్డ్ అయితే కుడిపక్క చెరువులోకే. అప్పుడు బరువైనదీ, మొండిదీ తీయాలి.

ఏమి కొనాలని అడిగేవారికి: ఏవియార్ వంటి పటర్ ఒకటి, బజ్ వంటి మిడ్‌రేంజ్ ఒకటి, లెపర్డ్ ఒకటి. అంతే. ఆడవాళ్ళకూ పిల్లలకూ 150 గ్రాముల దగ్గరవి తీసుకోండి. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలకు పటర్ ఒక్కటి చాలు. ఇరవై అడుగుల నుంచి బుట్టలో వేయడానికి మోకాళ్ళతో పనిలేదు. 12 స్పీడు డిస్కులు మా స్నేహితుడి గరాజులో ఆరున్నాయి, కావలసినవారు ఉచితంగా తీసుకుపోవచ్చు.

డిస్కు వెనక పేరూ ఫోను నెంబరూ చెరగని సిరాతో రాసుకోండి. దొరికినవాళ్ళు తరచు ఫోను చేసి మరీ ఇస్తారు. ఇంగ్లీషులోనే రాయండి. అభిమానంకొద్దీ మనవారొకరు తెలుగులో రాసుకున్నారు, ఆ డిస్కు ఇంకా తిరిగి రాలేదు.