వెదజల్లడం అంటే పారబోయడం కాదు



సొంత వాక్యం రాయమంటే మనమందరం "మల్లెపూలు సువాసన వెదజల్లును" అని రాస్తాం. మార్కు వస్తుంది. కానీ ఆ మాట మొదట పూలది కాదు, చేనుది. వెద అంటే విత్తడం. మన మార్కాపురం, గిద్దలూరు వైపు కంది, శనగ గొర్రుతో సాళ్లల్లో వేస్తారు. ఉలవలు మాత్రం చేత్తో చల్లేవాళ్లు ఉన్నారు. వాన పడి నేల పదునైనాకే చల్లుతారు. చేనంతా సమంగా పడేట్టు చూస్తారు. పిట్టలు, చీమలు తినకుండా మట్టి కప్పుతారు. చల్లేవాళ్ల మనసంతా మొలక మీదే ఉంటుంది. అదీ వెదజల్లడం అంటే.

సమాచారం కూడా అట్లే చల్లాలి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో, ప్రభుత్వ ఆఫీసులు తమ సమాచారాన్ని జనానికి విరివిగా తెలియజేయాలని ఉంది. నోటీసు బోర్డు, పేపరు, బహిరంగ ప్రకటన, ఇంటర్నెట్, ఏదైనా సరే. అయితే అక్కడి భాష ఏమిటి, అక్కడ ఏ పద్ధతి బాగా పనిచేస్తుంది అనేది చూసుకోవాలని కూడా అందులోనే ఉంది.

మా చెంచు గూడేనికి ఒకసారి జీపు వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కాగితాలు విసిరేసి పోయింది. చదివేవాళ్లు లేరు. మా అమ్మ వాటితో పొయ్యి ముట్టించింది. అమ్మది తప్పంటారా? రేల కాయ తిన్న ఎలుగుబంటి ఎక్కడో పోయి పెంట వేసినా అక్కడ రేల మొక్క లేస్తుంది. ఆ జీపు ఆపాటి పని కూడా చేయలేదు.

మిగిలిన ఒక్క కాగితం నేను సెలవుల్లో చదివి వినిపించాను. తేనె లాంటి అడవి సరుకు తెచ్చుకుని అమ్ముకునే హక్కు మనకుందని, హక్కు కోసం ముందు గ్రామసభలో అడగాలని అందులో ఉంది. మా తాత "మళ్లా చదువు పాపా" అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. మొలక అంటే అదే కదా!

కాబట్టి నేను కోరేది రెండే. హాస్టల్‌లో నోటీసు గోడకు అంటించి ఊరుకోకుండా ప్రేయర్‌లో చదవండి, చిన్న తరగతుల చెల్లెళ్లకు అర్థమయ్యిందా అని అడగండి. మనం సెలవులకు పోయేటప్పుడు తలా ఒక కాగితం తీసుకుపోయి ఇంట్లో చదువుదాం. మన ఇళ్లల్లో చాలామందికి చదువు మనతోనే మొదలు. మనం చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని