సినిమాలో లేని పాట

సైనిక్‌పురి ఒకప్పుడు పెందలాడే దీపాలార్పే కాలనీ. సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్ళు కట్టుకున్న ఇళ్ళు, గేటు పలక మీద పేరుకు ముందు కర్నల్ అనో వింగ్ కమాండర్ అనో హోదా, ప్రహరీ లోపల ఓ మామిడిచెట్టు. ఇప్పుడు ఆ ఇళ్ళలో కొన్ని కేఫ్‌లయ్యాయి. శని, ఆదివారాల్లో ఆ మామిడి కొమ్మలకే చిన్న దీపాల తోరణాలు వేలాడతాయి. ఓ మూలన ఎత్తు స్టూలు మీద గిటారుతో కుర్రాడో, అమ్మాయో కూర్చుంటారు. ముందు ఇంగ్లీషు పాట, వెనక హిందీ పాట, ఆ తరవాత ఎవరో చీటీ మీద రాసి పంపిన తెలుగు సినిమా పాట. మధ్యలో ఎప్పుడో ధైర్యం చేసి, ఇది నేనే రాసుకున్నదండీ అని ఒకటి అందుకుంటారు. సరిగ్గా అప్పుడే టేబుళ్ళ దగ్గర కబుర్లు జోరందుకుంటాయి. బిల్లు తెమ్మని చెప్పడానికీ అదే అనువైన సమయం.

మధ్యలో కంటోన్మెంటు రోడ్లు తెరిచి ఉంటే అమ్ముగూడ, లోతుకుంట మీదుగా అక్కడికి కొద్ది దూరంలోనే అల్వాల్. అల్వాల్ వెంకటాపురంలో గద్దర్ ఇల్లు. తాను రాసుకున్నదే, తాను బాణీ కట్టుకున్నదే, తాను గజ్జె కట్టి ఆడుతూ పాడితే జనం ఇళ్ళకు పోవడం మరిచిపోయి నిలబడిపోయిన మనిషి ఆయన. తుపాకీ పట్టి దేశసేవ చేసినవాళ్ళు విశ్రాంతి తీసుకునే కాలనీకీ, అదే తుపాకీని మరో దిక్కు నుంచి పాడిన మనిషి ఇంటికీ మధ్య దూరం ఇంతేనా అని ఆశ్చర్యం వేస్తుంది. హైదరాబాదు నగరం ఇలాంటి ఇరుగుపొరుగులను ఎన్నో చోట్ల కూర్చోబెట్టి, ఏమీ ఎరగనట్టు ఉంటుంది.

జానపద బాణీకి గిటారు, డ్రమ్ములు తగిలించి సొంత మాటలు పాడటాన్ని పాశ్చాత్యులు ఫోక్ రాక్ అన్నారు. 1965 జులైలో న్యూపోర్ట్ జానపదోత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వేదికెక్కితే, ఇదేం జానపదమని కొందరు కేకలేశారు. అదే మనిషికి 2016లో సాహిత్యానికి నోబెల్ వచ్చింది. డిలన్ గురువుగా భావించిన వుడీ గత్రీ 1940లో రాసిన అతి ప్రసిద్ధ గీతానికి బాణీ, అంతకుముందు కార్టర్ ఫ్యామిలీ పాడిన ఒక పాటది. ఎవరూ దాన్ని దొంగతనం అనలేదు. జానపదంలో బాణీ ఊరుమ్మడి బావి లాంటిది. చేంతాడు ఎవరిదైనా నీళ్ళు అందరివీ.

రాసి, కట్టి, పాడటం మనకేమీ కొత్త కాదు. అన్నమయ్య, రామదాసు, త్యాగయ్య చేసింది అదే. త్యాగయ్య ఉంఛవృత్తితో వీధిలో పాడుకుంటూ బతికినవాడు. వాళ్ళ పాట తరవాత కచేరీ హాలుకు చేరింది. గద్దర్ పాట దారి వేరు. అది వీధిలో పుట్టి, మైదానానికి పోయి, మళ్ళీ వీధికే వచ్చింది.

గుమ్మడి విఠల్‌రావు 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టారు. ఉస్మానియాలో ఇంజనీరింగు చదువు మధ్యలో ఆగింది. 1969 తెలంగాణ ఉద్యమం ఆయన్ని వీధిలోకి తెచ్చింది. మొదట కట్టిన బుర్రకథ దళానికి ఆయన పెట్టుకున్న పేరు మహాత్మాగాంధీది. కుటుంబ నియంత్రణ మంచిదని ఊళ్ళలో కథ చెప్పేవారు. తరవాతి గద్దర్‌ను ఎరిగినవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు గానీ, బుర్రకథలో నేర్చిన విద్య ఆయన్ని చివరిదాకా వదల్లేదు. పాట మధ్యలో ఆపి మాట్లాడటం, నవ్వించి వెంటనే గొంతు మార్చడం, పక్క వంతలతో జవాబు చెప్పించడం, ఇవన్నీ అక్కడివే. బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ బృందంతో పరిచయం ఆయన్ని రచన వైపు తిప్పింది. తొలి రోజుల్లో రాసిన పాటల్లో ప్రసిద్ధమైనది రిక్షా తొక్కేవాడి మీద. 1972లో విప్లవ గీతాల బృందం జన నాట్య మండలి వచ్చింది. 1913 నాటి గదర్ పార్టీ పేరు ముందు పాటలకు, ఆ తరవాత మనిషికీ అతుక్కుపోయింది.

ఇంతలో కెనరా బ్యాంకులో గుమస్తా ఉద్యోగం. పగలు లెడ్జరు, రాత్రి పాట. ఆ రెంటినీ 1984 దాకా లాక్కొచ్చి, ఉద్యోగం వదిలేశారు. ఆ రోజుల్లో బ్యాంకు ఉద్యోగమంటే ఏమిటో ఆ తరం వాళ్ళను అడగాలి. పెళ్ళి సంబంధాల్లో అంతకు మించిన మాట ఉండేది కాదు.

ఆయన ఎలా పాడేవారన్నది రాయడం కష్టం. వేదిక వెనక నుంచి మొదలుపెడితే కొంత అందుతుంది. సభకు ముందు గడ్డి మంట వేసి డప్పు కాచేవారు. తోలు వేడికి బిగుసుకుంటే గాని మోత పలకదు; చల్లబడితే మళ్ళీ మంట దగ్గరికి పోవాలి. కుడిచేతిలో పొట్టిగా, లావుగా చిర్ర. ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. దెబ్బ చిర్రది, గలగల సిటికెన పుల్లది. ఆ మోత మీద ఆయన గోచీ పెట్టుకుని, ఒంటి మీద గొంగడి వేసుకుని, కాళ్ళకు గజ్జెలతో, చేతిలో కర్రతో వచ్చేవారు. మొదటి పాటే హోరెత్తించాలన్న తొందర ఉండేది కాదు. ఒక ఆలాపన, పొలం గట్టు మీంచి ఎవరినో పిలిచినట్టు. ఆ పిలుపు వెనకవరసకు చేరిందని తెలిశాకే దరువు మొదలు.

బాణీలు ఎక్కడివంటే నాట్ల దగ్గర ఆడవాళ్ళవి, బతుకమ్మవి, ఉయ్యాల పాటలవి, వీధి భాగోతాలవి, ఒగ్గు కథలవి. తల్లి లచ్చుమమ్మ పాడిన పాటలే తన మొదటి బడి అని ఆయన చెప్పుకునేవారు. ఆమె పేరు మీదే ఒక పాట కట్టారు. జన నాట్య మండలి పద్ధతి కూడా గమనించదగ్గది. ఊరికి పోవడం, ముందు ఊరివాళ్ళ పాట వినడం, దానికి కొత్త మాట కట్టి వాళ్ళకే వినిపించడం, వాళ్ళ నోట తిరగని మాటను తీసేయడం. ఏ పత్రికా సంపాదకుడూ అంత కచ్చితంగా ఎడిటింగ్ చేసి ఉండడు. కలుపు తీసే అమ్మ నోట తిరగని ముక్క ఎంత విప్లవాత్మకమైనా చెత్తబుట్టకే. గద్దర్ పాట నిలవడానికి అందులోని సిద్ధాంతం ఒక కారణమైతే కావచ్చు. ఈ వడపోత మాత్రం తప్పకుండా కారణం.

1985 నుంచి అజ్ఞాతం. 1990 ఫిబ్రవరిలో, మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చాక, బయటికి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే ఇసకేస్తే రాలనంత జనం. 1997 ఏప్రిల్ 6న వెంకటాపురం ఇంట్లోనే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటాను తీయడం ప్రమాదమని వైద్యులు ఒంట్లోనే ఉంచేశారు. దానితోనే పాతికేళ్ళకు పైగా గజ్జె కట్టారు. ప్రభుత్వానికీ నక్సలైట్లకూ నడుమ చర్చల ప్రతినిధిగా నడిచారు. తెలంగాణ ఉద్యమానికి గొంతయ్యారు. చివరి ఏళ్ళలో చేతిలో రాజ్యాంగం పట్టుకు తిరిగారు. 2018 డిసెంబరు ఎన్నికల్లో, డెబ్బైకి చేరువవుతున్న వయసులో, జీవితంలో మొదటిసారి అల్వాల్‌లో ఓటు వేశారు. గుళ్ళకు వెళ్ళారని పాత మిత్రులు నొచ్చుకున్నారు. తుపాకీని పాడిన గొంతు ఎందరిని ఏ దారి పట్టించిందో, ఆ లెక్క ఎవరు తేల్చాలో అని మరికొందరు అడిగారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే, ఇంకా కొంతకాలం ఉంటాయి కూడా. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూశారు. మర్నాడు ప్రభుత్వ లాంఛనాలతో అల్వాల్‌లో ఆయన స్థాపించిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఖననం చేశారు. ఒకప్పుడు వెతికిన ప్రభుత్వమే వందనం చేసింది.

గద్దర్‌కు సినిమాతో చుట్టరికం ఉంది గానీ, అది ఇల్లరికం కాలేదు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లో తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను తెరమీద పాడింది ఆయనే. 1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’లోని అన్నాచెల్లెళ్ళ పాటకు నంది అవార్డు ప్రకటిస్తే వద్దన్నారు. ‘జై బోలో తెలంగాణ’లో ఆయన పాట ఉద్యమ సభలన్నిటా మోగింది. ప్రతిసారీ సినిమాయే ఆయన దగ్గరికి వచ్చింది. పాట కోసం ఆయన ఫిలింనగర్ మెట్లెక్కలేదు.

అలాంటి మనిషి పేరు ఇప్పుడు ఎక్కడుంది? నంది అవార్డుల స్థానంలో గద్దర్ అవార్డులు ఇస్తామని 2024 జనవరిలో ముఖ్యమంత్రి ప్రకటించారు. 2025 జూన్‌లో హైటెక్స్‌లో తొలిసారి వాటిని అందజేశారు. నటులు, దర్శకులు, నిర్మాతలు ఆ పేరున్న జ్ఞాపికను గుండెకు హత్తుకున్నారు. మంచిదే. నంది వద్దన్న మనిషి పేరే నందికి బదులు రావడంలో ఉన్న చమత్కారం ఆయన బతికుంటే ఆయనకే ముందు తట్టేది; దాని మీద ఓ పాట కూడా కట్టేవారేమో. మాకు అభ్యంతరం పేరు మీద కాదు. అవి సినిమా అవార్డులు. సినిమాలో లేని పాటకు అక్కడ కుర్చీ లేదు.

ప్రభుత్వాలు పాటగాళ్ళను అసలు గుర్తించలేదనడం న్యాయం కాదు. గోరటి వెంకన్నకు 2016లో కాళోజీ పురస్కారం వచ్చింది. 2021కి ‘వల్లంకి తాళం’ కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది. ఆ రెండోది పాటకు కాదు, పుస్తకానికి. అంటే పాట అచ్చు కావాలి, లేదా తెర ఎక్కాలి. ఊరికే పాటగా ఉండిపోతే దాన్ని ఏ శాఖ కింద రాసుకోవాలో మన యంత్రాంగానికి తెలియదు.

దీని ఫలితం కళ్ళ ముందే ఉంది. చౌరస్తా బ్యాండు కుర్రాళ్ళు తెలుగు జానపదానికి గిటారు కట్టి, ఊరు వదిలి నగరానికొచ్చినవాడి బెంగను పాడితే యువత చెవికెక్కించుకుంది. ఆ బ్యాండు గొంతు రామ్ మిరియాల పేరు ఇంటింటికీ తెలిసింది మాత్రం ‘జాతిరత్నాలు’లో చిట్టి పాటతోనూ, ‘డీజే టిల్లు’ పాటతోనూ. అందులో ఆయన తప్పేమీ లేదు. బతుకు ఉన్నచోటికే పోవాలి. యూట్యూబ్‌లో తెలంగాణ జానపద పాటలకు కోట్ల వీక్షణలు వస్తున్న మాటా నిజమే. 2021లో ఒక పెళ్ళికూతురు నాట్యం చేస్తే ‘బుల్లెట్టు బండి’ పాట ఊరూవాడా మారుమోగింది. ఆ పాట రాసింది ఎవరని పదిమందిని అడిగి చూడండి. పాడినావిడ పేరు ఇద్దరు ముగ్గురికి తెలియవచ్చు, పెళ్ళికూతురి ఊరు ఇంకొందరికి. రాసినవాడి పేరు చెప్పేవాళ్ళు దొరకడం కష్టం.

సైనిక్‌పురి కేఫ్‌ల్లో సొంత పాట పాడే పిల్లలకు డప్పు కాచడం రాకపోవచ్చు. వాళ్ళ పాటల్లో బెంగ ఎక్కువ, ఊరు తక్కువ. సగం మాటలు ఇంగ్లీషు నుంచి దిగినట్టుంటాయి. గద్దర్ వడపోత వాళ్ళకు అందలేదు. వినేవాళ్ళు కబుర్లు ఆపితేనే కదా ఏ ముక్క చెవికి పట్టిందో, ఏది జారిపోయిందో పాడేవాళ్ళకు తెలిసేది? కేఫ్ యజమానులు శనివారం ఓ అరగంట సొంత పాటలకే కేటాయిస్తే వ్యాపారం మునిగిపోదు. ఆ అరగంటలో బిల్లు అడగకుండా కూర్చునే ఓపిక మనదీ కావాలి.

ప్రభుత్వం చేయగలిగింది ఇంకా తేలిక. గద్దర్ అవార్డుల్లో సినిమాతో సంబంధం లేని పాటకు, తానే రాసి తానే పాడినవాళ్ళకు, ఒక విభాగం చేర్చడానికి చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఎంపికను హాల్లో కూర్చున్న కమిటీకి వదిలేయకుండా పాటను ఒక ఊరి కూడలిలో పాడించి చూస్తే మరీ మంచిది. అంతకంటే తొందర పడాల్సిన పని మరొకటి ఉంది. జన నాట్య మండలి పాటలు ఒక తరం పాటు చేతి నుంచి చేతికి క్యాసెట్లలో తిరిగాయి. సభల దగ్గర అమ్మినవి, సభలో ఎవరో టేప్ రికార్డరు పెట్టి పట్టుకున్నవి, పోలీసులకు జడిసి అటకెక్కించినవి. అదే పాటను ఆయన ఒక్కో ఊళ్ళో ఒక్కోలా పాడేవారు కాబట్టి ప్రతి టేపూ వేరే పాటే. టేపు బూజు పట్టడానికి, అతుక్కుపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. దాన్ని వినిపించే యంత్రాలు బాగుచేసేవాళ్ళూ తగ్గిపోతున్నారు. ఆ క్యాసెట్లు దాచుకున్నవాళ్ళలో చాలామందికి ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ళు. భాషా సాంస్కృతిక శాఖ వాళ్ళ ఊళ్ళకు మనుషులను పంపి, టేపులు తీసుకుని, నకలు చేసి, ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చే పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.