కరివేపచెట్టు మీది వేషధారిణి

గత శ్రావణమాసమున మా పెరటి కరివేపమొక్క లేతచిగురులన్నియు రెండు మూడు దినములలో మాయమైనవి. దగ్గరకు పోయి చూడగా, ఆకులమీద పక్షిరెట్టవలె కనబడు చిన్న పురుగులును, ఆకుపచ్చని పెద్ద పురుగులును ఉండెను. పుల్లతో తాకగానే పెద్దపురుగు తలవెనుకనుండి ఎఱ్ఱని కొమ్ములజంట వెలికి చాచి దుర్వాసన విడిచెను. అంతకు ముందటి యేడు ఇట్టివానినే మేము ఏరించి పారవేయించితిమి. ఈసారి, ఇవి తుదకేమగునో చూడవలెనను కోరిక పుట్టి, మూటిని కొమ్మతో కూడ తెచ్చి వలగుడ్డ కప్పిన బుట్టలో ఉంచితిమి.

అవి గూడు కట్టిన సుమారు పది దినములకు ఒకటొకటిగా బయటికి వచ్చినవి. మొదటి రెండును నల్లనివి. వెనుకరెక్కలకు అడ్డముగా తెల్లని చుక్కల వరుస. మూడవదాని సొగసు వేరు. వెనుకరెక్క నడుమ తెల్లని మచ్చలు, అంచున ఎఱ్ఱని నెలవంకలు! వేరొక జాతిది బుట్టలో ఎట్లు దూరెనా యని మేము తెల్లబోతిమి. ఇంటివారు మా కాపలాను పరిహసించిరి కూడ.

దూరినదేమియు లేదు. కామన్ మార్మన్ అని ఇంగ్లీషు పేరుగల ఈ జాతిలో మగదానికొకటే వేషము, ఆడుదానికి మూడు. ఒకటి అచ్చముగా మగదానివలె ఉండును. రెండవది కామన్ రోజ్ అను సీతాకోకచిలుకను, మూడవది క్రిమ్సన్ రోజ్ అనుదానిని పోలియుండును. ఆ రోజ్‌లు రెండును పురుగులుగా నున్నపుడు ఈశ్వరితీగె జాతి ఆకులు తిని ఆ విషమును ఒంట నిలుపుకొనును. ఒకమారు రుచిచూచిన పక్షి మరల వాని జోలికి పోదు. మన కరివేపచెట్టు బిడ్డకు ఆ విషము లేదు, చీర మాత్రమే అరువు. ఇవన్నియు ఒకే జాతి ఆడువని వాలెసు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1865లో ప్రకటించెను. ఆడు మగ లక్షణములను దిద్దు ‘డబుల్‌సెక్స్’ అను ఒక్క జన్యువే ఈ వేషములను కూడ నడుపుచున్నదని 2014లో తేలినది. కనుక ఒకే తల్లికి వేర్వేరు వేషముల కూతుండ్రు పుట్టవచ్చును.

ఈ వింత తెలిసినపిమ్మట మా సెల్‌ఫోనుకు తీరిక లేకపోయెను. నూరువరహాల పూలమీద వ్రాలిన ఎఱ్ఱమచ్చలదానిని ఫొటో తీసి, ‘మన బుట్టలోని పిల్లయే’ యని అందరికి చూపితిమి. తరువాత పెద్దదిగా చేసి చూడగా దాని దేహము ఎఱ్ఱగా నున్నది. అది నిజమైన రోజ్! అనుకరించుదాని దేహము నల్లగా ఉండును. అంతకుముందు తీసిన ఫొటోలలో సగము రెక్కలకే మురిసి తీసినవి. దేహము మసకబారియుండుటచే అవి ఏ జాతివో నేటికిని చెప్పలేము.

కావున మీరు తీయునపుడు రెక్కల పైభాగమును, అడుగుభాగమును, ప్రక్కనుండి దేహమును వేర్వేరుగా తీయుడు. నడిమధ్యాహ్నపు టెండలో ఎఱుపు వెలవెలబోవును. రాత్రి దీపము వెలుగున నారింజవన్నెకు తిరుగును. గూటినుండి వచ్చినది రెక్కలారుటకై చాలసేపు కదలక వ్రేలాడును. అదియే మంచి అదను. ప్రక్కన తెల్లకాగితమొకటి ఉంచినచో వెలుగు వలన కలిగిన మార్పేదో, పుట్టుకతో వచ్చిన రంగేదో తెలియును. ఫోనులో రంగులకు మెరుగుపెట్టు సదుపాయమును మాత్రము ముట్టకుడు. రెక్కల అంచులు చినిగి పాలిపోయినది ముసలిదై ఉండును; దానిని క్రొత్తరకమని ఎంచి మేమొకసారి నవ్వులపాలైతిమి. తేదియు, ఏ మొక్కమీద దొరికినదియు వ్రాసి ఉంచుకొనుడు.

కరివేపమొక్క యేమైనదని అడుగుదురు కాబోలు. నెల తిరుగకుండ చిగిర్చినది, చారునకు కొఱత రాలేదు. పొరుగింటివారు తమ నిమ్మచెట్టునకు పురుగులమందు చల్లింప నెంచుచున్నారని విని, నిన్న సాయంకాలము పోయి, రెండు దినములు ఆగుడని వేడి, నాలుగు పురుగులను తెచ్చుకొంటిమి. క్రిమ్సన్ రోజ్ వేషముది మా కింకను దొరకలేదు.