కొత్త ఫోన్లను గూగుల్ చూసుకుంటుంది, పాత ఫోన్లను మనమే చూసుకోవాలి

పోస్టు కాస్త పొడుగే. ఓపికగా చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే ఆ తర్వాత తిట్టండి.

ఉగాదికి మన సంఘం యాప్ విడుదలైంది కదా. హాలు బుకింగ్, పంచాంగం, సభ్యుల పట్టిక, పిల్లలకు తెలుగు పాఠాలు, అన్నీ పెట్టారు. మాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటుంది. తెర మీదున్న తెలుగును ఆ యాప్ పైకి చదివి వినిపిస్తుంది. మాది తమిళ మీడియం చదువు. తెలుగు ఇంట్లో మాట్లాడటమే గానీ బడిలో ఒక్క అక్షరం నేర్పలేదు. ఉద్యోగానికి బెంగుళూరు వచ్చాక కన్నడ బోర్డులు చదవడం నేర్చుకుంటే తెలుగు అక్షరాలు సగం వాటంతటవే వచ్చాయి. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాం. మన సంఘంలో హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి వచ్చినవాళ్లలో సగం మంది పరిస్థితి ఇదే. అలాంటివాళ్లకు చదివి వినిపించే యాప్ అంటే చిన్న విషయం కాదు. మన పిల్లలే ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చుని, పైసా తీసుకోకుండా చేశారు. ముందుగా వాళ్లకు దండం.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది నుంచి వైద్య సాయానికీ, పిల్లల ఫీజు సాయానికీ దరఖాస్తు యాప్‌లోనే పెట్టాలని కమిటీ తీర్మానం చేసింది. కాగితం ఫారం ఆపేశారు. జూన్ నెలాఖరు గడువు. జూలై మొదటి ఆదివారం మా రిటైర్డ్ బ్యాచ్ ఎప్పటిలాగే హాల్లో కూర్చుని ఉండగా మన సభ్యురాలొకామె వచ్చింది. భర్త పోయి మూడేళ్లయింది. పూలమ్మి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. చేతిలో ఎవరో వాడి వదిలేసిన ఫోను. "అన్నా, గ్రూపులో పంపిన యాప్ నెల రోజుల్నుంచి నొక్కుతున్నా, ఎక్కడం లేదు. ఇంగ్లీషులో ఏదో చెప్పి ఊరుకుంటోంది" అంది. చూస్తే "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అని ఒక్క ముక్క. కారణం రాయలేదు. ఫోను నిండిపోయుంటుంది, ఫొటోలు కొన్ని తీసెయ్యమ్మా అన్నాం. అప్పటికే సగం ఫొటోలు తీసేసిందట. అందులో ఆయనవి కూడా పోయాయట.

అప్పుడు మాకు సిగ్గేసింది. ఎందుకంటే మా బ్యాచ్ పదకొండు మందిలో నలుగురికి ఆ యాప్ ఎక్కలేదు. ఏప్రిల్ నుంచే తెలుసు. "మన ఫోను పాతది, తప్పు మనదే" అనుకుని ఎవరికివాళ్లు నోరు మూసుకుని కూర్చున్నాం. అప్పుడే అడిగుంటే ఆమె గడువు దాటేది కాదు.

ఆ నాలుగు ఫోన్లూ, ఆమె ఫోనూ తీసుకుని మా మేనల్లుడి దగ్గరికి వెళ్లాం. వాడిది ఎలక్ట్రానిక్ సిటీలో ఇదే రకం పని. వాడు చెప్పింది మాకు అర్థమైనంతవరకు చెప్తాం. ఐటీ పిల్లలు తప్పుంటే దిద్దండి.

ఆండ్రాయిడ్ యాప్‌ని మామూలుగా జావాలోనో కోట్లిన్‌లోనో రాస్తారు. ఆ భాగానికి ఏ చిప్ అన్న గొడవ లేదు, ఫోనే దాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంటుంది. మన యాప్‌లో తెలుగు చదివే భాగం వేరు. అది ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, సీ భాషలో రాసింది. (గొంతు యంత్రం గొంతే, కానీ మాట తెలుస్తుంది.) దాన్ని ల్యాప్‌టాప్ మీద కంపైలర్‌తో ఫోను చిప్‌కి తెలిసిన ఆజ్ఞలుగా ముందే మార్చి యాప్‌లో పెట్టాలి. అందుకు గూగుల్ ఇచ్చే సరంజామా పేరు ఎన్‌డీకే. ల్యాప్‌టాప్‌లో ఉండే చిప్ ఒక రకం, ఫోనులో ఉండేది ఇంకో రకం. కాబట్టి ఏ రకం చిప్ కోసం చేస్తున్నావు, ఎంత పాత ఆండ్రాయిడ్ దాకా నడవాలి అని కంపైలర్‌కి మనం చెప్పాలి. మనం చెప్పిన రకానికే అది వండుతుంది. మిగతా రకాల ఫోన్లలో ఆ వంట పనికిరాదు.

రైల్వేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో బెంగుళూరు సిటీ స్టేషన్లో రెండు గేజీలుండేవి. మద్రాసు వైపు బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. మైసూరు వైపు మీటర్ గేజి, 1000 మిల్లీమీటర్లు. మద్రాసు నుంచి వచ్చిన పెట్టె ఎంత కొత్తదైనా మైసూరు పట్టా ఎక్కేది కాదు. సరుకు దించి ఇంకో పెట్టెలో ఎక్కించాల్సిందే. ఫోన్లలో ఈ గేజీ పేరు ఏబీఐ. 64 బిట్ ఫోన్లకు "ఆర్మ్64-వీ8ఏ", 32 బిట్ ఫోన్లకు "ఆర్మ్ఈఏబీఐ-వీ7ఏ". ల్యాప్‌టాప్‌లో పరీక్షకు వాడే ఉత్తుత్తి ఫోనుకు మామూలుగా "ఎక్స్86-64". మన పిల్లలు "ఏబీఐ ఫిల్టర్స్" అన్న వరసలో ఆర్మ్64 ఒక్కటే రాశారు. "మిన్ ఎస్‌డీకే" అన్న చోట 29 రాశారు. 29 అంటే ఆండ్రాయిడ్ 10, అంటే 2019లో వచ్చింది. అంతకంటే పాత ఫోన్లన్నిటికీ గేటు అక్కడే మూసుకుపోయింది.

ఆమె ఫోను విషయం ఇంకా విచిత్రం. మేనల్లుడు కేబుల్ పెట్టి ఆ ఫోనుని నీ గేజీ ఏమిటని అడిగాడు. చిప్ 64 బిట్‌దే. కానీ మెమరీ తక్కువని కంపెనీవాళ్లు అందులో 32 బిట్ ఆండ్రాయిడ్ ఎక్కించారు. తక్కువ ధర ఫోన్లలో ఇలా చాలా వచ్చాయట. కాబట్టి డబ్బా మీద 64 బిట్ అని చూసి మనకు ఢోకా లేదనుకోకండి. గుర్తుంచుకోండి, వాళ్లంతా డబ్బులిచ్చి కొన్న ఫోన్లే ఇవి, ఫోన్ చేస్తే పలుకుతాయి, వాట్సాప్ నడుస్తుంది, యూపీఐ నడుస్తుంది. మన సంఘం యాప్ ఒక్కటే నడవదు.

మేనల్లుడు వీటిని మార్చి చూపించాడు. వరసలో రెండో పేరు చేర్చాడు, 29ని 21 చేశాడు. 21 అంటే 2014 నాటి ఆండ్రాయిడ్ 5. ఎన్‌డీకే ఇప్పటికీ అంతవరకు సాయం చేస్తుంది. అయితే ఒక చిక్కు ఉంది. ఈస్పీక్‌ని మన పిల్లలు ఒకసారి విడిగా కంపైల్ చేసి పక్కన పెట్టుకున్నారు, అది కూడా 29 లెక్కనే. యాప్‌లో అంకె మార్చి దాన్ని అలాగే వదిలేస్తే ఫోనులోకి ఎక్కుతుంది గానీ, చదవమని నొక్కగానే పడిపోవచ్చు. కొత్త ఆండ్రాయిడ్‌లో మాత్రమే ఉండే ఫంక్షన్‌ని పాత ఫోనులో వెతికి, దొరక్క చేతులెత్తేస్తుంది. అందుకని ఆ లైబ్రరీని కూడా 21కి, రెండు ఏబీఐలకూ వేర్వేరుగా మళ్లీ కంపైల్ చేశాడు. భోజనాలు కలుపుకుని ఒక ఆదివారం పూట పని. సాయంత్రానికి ఐదు ఫోన్లూ తెలుగు చదివాయి.

ఈ మాట గ్రూపులో పెడితే మన పిల్లల నుంచి వచ్చిన జవాబులు మీరూ చూశారు. "గూగులే 64 బిట్ ఉండాలంది అంకుల్" అన్నారు. నిజమే, 2019 ఆగస్టు 1 నుంచి ప్లే స్టోర్‌లో ఆ నియమం ఉంది. కానీ దాని అర్థం 64 బిట్ కూడా ఉండాలని. 32 బిట్ తీసెయ్యమని అందులో లేదు, 32 బిట్ ఫోన్లకు యాప్‌లు ఇస్తూనే ఉంటామని గూగులే చెప్పింది. 2017లో ఐఓఎస్ 11తో 32 బిట్ యాప్‌లను మొత్తంగా ఆపేసింది యాపిల్. ఆ సంగతినీ ఈ సంగతినీ కలిపేసుకుంటున్నారు. "సైజు పెరుగుతుంది" అన్నారు. ప్లే స్టోర్‌లో బండిల్‌గా పెడితే ఎవరి ఫోనుకు కావాల్సిన భాగం వాళ్లకే దిగుతుంది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లు ఎలాగూ బండిల్‌గానే పెట్టాలి. మనమేమో ఏపీకే ఫైలుని వాట్సాప్‌లో పంచుకుంటున్నాం, కాబట్టి మనకు కొంచెం పెరుగుతుంది, ఒప్పుకుంటాం. ఒక పెళ్లి వీడియో ఫార్వర్డ్ అంత కూడా కాదు. "ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది అంకుల్" అన్నవాళ్లకు మాత్రం మేము జవాబు చెప్పం. ల్యాప్‌టాప్ పట్టుకుని పూలమ్మేవాళ్లు మనలో ఎవరూ లేరు.

ఒక మాట మాత్రం మమ్మల్ని ఆలోచనలో పడేసింది. పాత ఆండ్రాయిడ్‌లకు భద్రత అప్‌డేట్లు రావు, వాటి మీద సంఘం సేవలు నడపడం మంచిదేనా అని ఒక అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందుకే డబ్బు చెల్లింపులు ఆ యాప్‌లో పెట్టొద్దంటాం. దరఖాస్తు, పాఠాలు, చదివి వినిపించడం, అంతవరకు చాలు. దరఖాస్తు ఫారాన్ని మామూలు వెబ్ పేజీగా కూడా పెట్టండి, కాగితం ఫారాన్ని కూడా మళ్లీ తెరవండి. కానీ అవి రెండూ చదవగలిగినవాళ్లకు. చదవలేనివాళ్లకు ఆ గొంతు కావాలి. "సంఘమే కొత్త ఫోన్లు కొనిస్తే పోలా" అన్న పెద్దమనిషికి ఒకటే ప్రశ్న. రెండు వరసలు మార్చడానికే నాలుగు నెలలు పట్టిన సంఘం ఫోన్లు ఎప్పటికి కొంటుంది?

చదవలేనివాడికి యంత్రం చదివి పెట్టాలన్న ఆలోచన ఈ ఊళ్లో కొత్తది కాదు. 2001లో ఇక్కడి ఐఐఎస్సీ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు కలిసి సింప్యూటర్ అని అరచేతి కంప్యూటర్ చూపించారు. స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. పేదవాళ్లు తలా ఒకటి కొనలేరని, స్మార్ట్ కార్డు పెట్టి ఊరంతా ఒకే యంత్రాన్ని పంచుకునేలా ఆలోచించారు. అందులో మన భాషలు పలికేందుకు ప్రొఫెసర్ రమేశ్ హరిహరన్ "ధ్వని" అనే సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. దాని చిప్ ఇంటెల్ స్ట్రాంగ్‌ఆర్మ్, 206 మెగాహెర్ట్జ్. ఇప్పటి పిల్లలు నవ్వుతారు. దశాంశాల లెక్కలు చేసే విభాగమే అందులో లేదు. అలాంటి చిప్‌కి సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసేటప్పుడు "సాఫ్ట్ ఫ్లోట్" అని ఒక మాట చెప్తే, ఆ లెక్కల్ని కంపైలర్ మామూలు అంకెల లెక్కలుగా విడగొట్టి పెడుతుంది. చెప్పకపోతే దశాంశం వచ్చిన ప్రతిచోటా చిప్ ఆగి కెర్నల్‌ని పిలవాలి, పని నత్తనడక. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్‌తో కలిసి "అమిడా" పేరుతో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చారు. వ్యాపారంగా నిలబడలేదు. ఆ యంత్రం పోయింది గానీ, ఉన్న చిప్‌ని చూసుకుని దానికి తగ్గట్టు పని చేయడం ఈ ఊళ్లో అప్పుడే జరిగింది. మన దగ్గరున్న అతి పాత ఫోను కూడా దాని ముందు మహారాజే.

ఇంకొక్క సంగతి, ఇది మన కమిటీ గట్టిగా పట్టించుకోవాలి. కొత్త ఫోన్లలో మెమరీని 4 కేబీ పేజీలకు బదులు 16 కేబీ పేజీలుగా విడదీసే మార్పు వస్తోంది. ఆండ్రాయిడ్ 15, ఆపైన దాన్ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లు 64 బిట్ ఫోన్లలో దానికి సిద్ధంగా ఉండాలని 2025 నవంబరు 1 నుంచి ప్లే స్టోర్ నియమం. సీ భాష లైబ్రరీలను అందుకు తగ్గట్టు మళ్లీ కంపైల్ చేయాలి. ఎన్‌డీకే 28వ విడుదల నుంచి అది దానంతటదే చేసేస్తుంది, పాత ఎన్‌డీకే అయితే లింకర్‌కి పేజీ సైజు 16384 అని మనమే చెప్పాలి. ఈ పని మన పిల్లలు ఎవరూ అడక్కుండానే చేసేశారు. ఎందుకు? చేయకపోతే గూగుల్ యాప్ తీసుకోదు. అదే 32 బిట్ వదిలేస్తే గూగుల్ ఏమీ అనదు, ఎర్ర గీత రాదు, కంపైలర్ ఒక్క హెచ్చరిక ఇవ్వదు. అన్నీ పచ్చగా కనిపిస్తాయి. ఎక్కని ఫోను ఉన్నామె ఫిర్యాదు చేయడానికి కూడా యాప్‌లోకి రావాలి!

అందుకే మేము అడిగేది తీర్మానం. రెండు ఏబీఐలకూ కంపైల్ చేయాలి, మిన్ ఎస్‌డీకే 21 దాటాలంటే సర్వసభ్య సమావేశంలో అడిగే దాటాలి. ప్రతి కొత్త వెర్షన్‌నీ గ్రూపులో పెట్టేముందు హాల్లో ఉంచిన ఒక పాత 32 బిట్ ఫోనులో ఎక్కించి చూడాలి. ఆ ఫోను మేమే ఇస్తాం, బీరువాలో పడి ఉంది. నమ్మకం లేనివాళ్లు ఏపీకే ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిచి, "లిబ్" అన్న ఫోల్డర్‌లో రెండు పేర్లూ ఉన్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. మేము నేర్చుకున్నాం, మీకూ వస్తుంది.

జూన్ గడువు దాటిపోయినవాళ్ల దరఖాస్తులు ఈ ఒక్కసారికి తీసుకోవాలని కార్యదర్శిగారికి రాతపూర్వకంగా ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మేము హాల్లో ఉంటాం, మేనల్లుడు కూడా వస్తానన్నాడు. యాప్ ఎక్కనివాళ్లు సిగ్గుపడకుండా ఫోను, ఛార్జరు తెచ్చుకోండి. ఫొటోలు మాత్రం ఏవీ తీసెయ్యకండి.