మారుమనస్సు

యొర్దాను నదిలో యోహాను ఇచ్చిన బాప్తిస్మాన్ని కేవలం పాపప్రక్షాళన స్నానమని భావించరాదు. మునకకు ముందు ఆయన కోరింది మారుమనస్సు. గ్రీకు మూలంలోని ‘మెటనోయా’కు తెలుగు బైబిలు ఎంచుకున్న చక్కని పదమిది. కన్నీరు కార్చడం చాలదు, బుద్ధి మళ్లాలి. మేమేం చేయాలని జనం అడుగగా, రెండు అంగీలున్నవాడు లేనివానికొకటి ఇవ్వాలన్నాడని లూకా సువార్త చెబుతున్నది. పన్నులు వసూలుచేసే సుంకరులను కొలువు మానమనలేదు. నిర్ణయించినదానికి మించి తీసుకోవద్దన్నాడు. సైనికులను జీతంతో తృప్తిపడమన్నాడు. అడవులకు పొమ్మనడంకన్నా ఇది కఠినం! పుష్కరస్నానానికి ముందు సంకల్పం చెప్పుకునే మనకు ఈ క్రమం కొత్తగా తోచదు. పాపరహితుడని క్రైస్తవులు విశ్వసించే యేసు సైతం ఆ నీటిలోనే దిగాడు. ఆయనకు బాప్తిస్మమివ్వడానికి యోహానే వెనుకాడాడని మత్తయి సువార్త తెలుపుతున్నది.