మారుతికి కావాల్సింది 28 కార్లు కాదు, ఉన్నవాటికే మంచి స్పెక్స్

2025 అక్టోబర్‌లో టోక్యోలో సుజుకి ప్రెసిడెంట్ తొషిహిరో సుజుకి ఒక లెక్క చెప్పారు. రాబోయే ఐదారేళ్లలో ఇండియాకి 8 కొత్త ఎస్‌యూవీలు వస్తాయి, మారుతి మోడళ్లు మొత్తం 28కి చేరతాయి. చేజారిన 50 శాతం మార్కెట్ వాటాని మళ్లీ పట్టుకోవాలన్నది లక్ష్యం. 2019 ప్రాంతంలో దేశంలో అమ్ముడయ్యే ప్రతి రెండు కార్లలో ఒకటి మారుతిదే. ఇప్పుడా వాటా 40 శాతం చుట్టూ తిరుగుతోంది. 2024లో అయితే నంబర్ వన్ కారు స్థానాన్ని టాటా పంచ్ ఎగరేసుకుపోయింది.

నా దృష్టిలో మారుతికి మోడళ్ల కొరత ఎప్పుడూ లేదు. షోరూమ్‌కి వెళ్లి గ్రాండ్ విటారా, విక్టోరిస్ రెండూ చూడండి. ప్లాట్‌ఫామ్ ఒకటే, 1.5 లీటర్ ఇంజిన్లు అవే. ఒకటి నెక్సాలో, ఇంకోటి అరీనాలో అమ్ముతారు. ఒకే ప్రాసెసర్ పెట్టి, పేరు చివర ఒక అక్షరం మార్చి నెలకో ఫోన్ దించే కంపెనీల్ని మనం రోజూ ఆడిపోసుకుంటాం కదా, ఇదీ అదే బాపతు.

అసలు సమస్య వేరే ఉంది. ఫోన్ల భాషలోనే చెప్తాను. గెలాక్సీ ఎస్24 అమెరికాలో స్నాప్‌డ్రాగన్‌తో వస్తే, మన దగ్గర ఎక్సినోస్‌తో వచ్చింది. పేరు ఒకటే, లోపల సరుకు వేరు. మారుతి ఫ్రాంక్స్ కథ ఇంతకన్నా విడ్డూరం. ఈ కారు తయారయ్యేది గుజరాత్‌లో. 2024 నుంచి అక్కడి నుంచే ఓడెక్కి జపాన్ వెళ్తోంది. జపాన్ ఫ్రాంక్స్‌లో ముందున్న వాహనాన్ని గుర్తుపట్టి తనంతట తనే బ్రేక్ వేసే సిస్టమ్ ఉంది, అడాప్టివ్ క్రూజ్ ఉంది, కావాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా దొరుకుతుంది. మన షోరూమ్‌లోని ఫ్రాంక్స్‌లో, టాప్ వేరియంట్ కొన్నా సరే, ఇవేవీ లేవు.

"జపాన్‌లో ధర కూడా ఎక్కువే కదా" అంటారా? నిజమే. అక్కడ మొదలయ్యేదే 25 లక్షల యెన్‌ల పైన, అంటే మన డబ్బుల్లో సుమారు 14 లక్షలు. ఇక్కడ బేస్ మోడల్ 7 లక్షల లోపే వస్తుంది. అన్ని ఫీచర్లూ బేస్ మోడల్లోనే ఇచ్చేయమని నేనూ అడగను. కానీ టాప్ వేరియంట్‌లో ఆప్షన్‌గా పెట్టడానికి అడ్డేంటి? హ్యుందాయ్ వెన్యూలో 2023లోనే అడాస్ వచ్చింది. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓలో 2024లో వచ్చింది. డిజైర్‌కి నేరుగా పోటీ అయిన హోండా అమేజ్‌లో కూడా అదే ఏడాది వచ్చింది. ఇవన్నీ 4 మీటర్ల లోపు కార్లే. మారుతి మాత్రం దాన్ని విక్టోరిస్ టాప్ వేరియంట్ల దాకా దాచిపెట్టింది. స్ట్రాంగ్ హైబ్రిడ్ సంగతీ అంతే, గ్రాండ్ విటారా నుంచి పైకే. ఈవీకి వస్తే ఈ-విటారా కూడా పెద్ద కారే. వ్యాగన్ఆర్ కొనే ఇంటికి అందేలా టాటా 2022లోనే టియాగో ఈవీ తెచ్చింది. ఆ సైజులో మారుతి నుంచి ఇప్పటికీ ఏమీ లేదు.

మన రోడ్ల మీద అడాస్ పనికిరాదనే వాదన కూడా తరచూ వింటుంటాం. ఆటోలు, గేదెలు, రాంగ్ రూట్ బైకులు చూసి సెన్సర్ బెంబేలెత్తిపోతుందని. సిటీ ట్రాఫిక్‌లో కొంత నిజమే. కానీ రాత్రి పూట హైదరాబాద్–విజయవాడ హైవే మీద వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని ఊహించుకోండి. ఆటో బ్రేక్ ప్రతిసారీ ప్రాణం కాపాడుతుందని గ్యారంటీ లేదు. అయినా అర సెకను ముందు బ్రేక్ పడితే దెబ్బ తీవ్రత చాలా తగ్గుతుంది.

మారుతికి చేతకాదు అనడానికీ లేదు. 2024 నవంబర్‌లో డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకి 5 స్టార్లు తెచ్చుకుంది, మారుతి చరిత్రలో అదే మొదటిసారి. 2025లో ఆల్టో కే10కి, వ్యాగన్ఆర్‌కి కూడా 6 ఎయిర్‌బ్యాగులు స్టాండర్డ్ చేసింది. అనుకుంటే చిన్న కారులోనూ చేయగలదన్నమాట. పైగా ఇదే సరైన టైమ్. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ధరలు బాగా తగ్గాయి. బైక్ నుంచి కారుకి మారాలనుకుంటున్న వాళ్లకి ఇప్పుడు ధైర్యం వచ్చింది.

మన ఇళ్లలో మొదటి కారు అంటే ఇప్పటికీ స్విఫ్టో, డిజైరో, వ్యాగన్ఆరో. మీలో చాలామంది మొదటి జీతాలతో ఈఎంఐ కట్టబోయేది వీటికే. అందుకే ఆ 8 కొత్త ఎస్‌యూవీల లాంచ్ తేదీల కోసం నేను ఎదురుచూడట్లేదు. తర్వాతి స్విఫ్ట్ స్పెక్ షీట్‌లో ఆటో బ్రేక్ అనే లైన్ ఉందా లేదా అని చూస్తాను. ఉంటే 50 శాతం వాటా మీద నాకు నమ్మకం కుదురుతుంది. లేకపోతే 28 మోడళ్లు కాదు, 38 తెచ్చినా వెన్యూ, పంచ్, 3ఎక్స్‌ఓ లాభపడుతూనే ఉంటాయి. అప్పటిదాకా మీరు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు సన్‌రూఫ్ ఉందా అని అడిగే ముందు, జపాన్‌కి పంపే కారులో ఉన్నది ఇందులో ఎందుకు లేదని సేల్స్ వాళ్లని ఒక్కసారి అడగండి. పది మంది అడిగితే ఆ మాట పై వాళ్ల దాకా వెళ్తుంది.